నిద్రపోయేవాడికి కల కనే అర్హత లేదట!

“నిద్రలో వచ్చేది కల కాదు, నిన్ను నిద్రపోనివ్వనిదే కల.” ఈ మాట ఈ వారం మీకింకా రాలేదంటే ఫోన్ పనిచేస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. వెనక సూర్యోదయం, కొండ అంచున రెండు చేతులూ చాపి నిలబడ్డ మనిషి నీడ, కింద మూలన ఓ మహానుభావుడి ఫొటో. ఫొటో వారానికొకటి మారుతుంది, మాట మాత్రం మారదు. పంపేవాడు పొద్దున ఐదింటికే పంపుతాడు. తాను లేచాడన్న సంగతి మనకు తెలియాలి కదా. చివర్లో ఒక కండ బొమ్మ, రెండు నిప్పు బొమ్మలు.

ఎవరి పిచ్చి వారికి ఆనందం అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇప్పుడు పెద్ద వ్యాపారమే నడుస్తోంది. కోర్సులు, శిబిరాలు, డైరీలు, ఆ డైరీలు ఎలా రాయాలో నేర్పే ఇంకో కోర్సు. మధ్యలో అన్యాయమైపోయింది నిద్రలో వచ్చే కల. పాపం దానికి నోరు లేదు. అందుకని దాని తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు ఏమీ లేదు, రోజూ రాత్రి కనబడితే చాలు.

ముందు నా క్లయింటు పరిచయం. జాగ్రత్, స్వప్న, సుషుప్తి అని ఉపనిషత్తులు అవస్థలను లెక్కపెట్టినప్పుడే దానికి మెలకువ పక్కన కుర్చీ వేశారు. ఇక 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసరిన్‌స్కీ అనే విద్యార్థి, ఆయన గురువు నథానియెల్ క్లైట్‌మన్ కలిసి ఒక సంగతి ప్రకటించారు. నిద్రపోయేవాళ్ల కళ్ల పక్కన ఎలక్ట్రోడ్లు అతికించి చూస్తే, కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ గబగబా పరిగెడుతున్నాయి. ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది కల వస్తోందని చెప్పారు. దాన్నే రెమ్ నిద్ర అంటున్నారు. పెద్దవాళ్ల నిద్రలో ఇంచుమించు నాలుగో వంతో ఐదో వంతో అదే. అప్పుడు మెదడు మెలకువలో ఉన్నంత హడావిడిగా ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు. కండరాలకు వెళ్లే ఆజ్ఞలను మెదడే ఆపేస్తుంది. లేకపోతే కలలో పులి వెంటపడగానే పక్కన పడుకున్నవాళ్లను తొక్కుకుంటూ పరిగెత్తేవాళ్లం.

ఇంత ముందుజాగ్రత్తతో, ఇన్ని ఏర్పాట్లతో, టికెట్ లేకుండా రోజూ రాత్రి నడిచే వ్యవహారాన్ని చూపించి “అది కల కాదు” అంటున్నారు. మరేమిటండీ అది?

అసలు తమాషా ఇంకొకటుంది. రెమ్ నిద్ర రాత్రంతా సమానంగా ఉండదు. దాదాపు తొంభై నిమిషాలకోసారి వస్తుంది. మొదటి విడత కొద్ది నిమిషాలే. రాత్రి గడిచేకొద్దీ ఒక్కో విడత నిడివి పెరుగుతుంది కాబట్టి పెద్ద వాటా తెల్లవారుజామునే. మరి కలల స్పెషలిస్టుల మొట్టమొదటి సలహా ఏమిటి? “నాలుగింటికి లేవండి, మీ కలలు సాధించండి.” అంటే కలలు గుంపులు గుంపులుగా వచ్చే వేళకే అలారం పెట్టి, వాటిని గడపలోంచే తరిమేసి, ఆ తర్వాత నోట్‌బుక్ తెరిచి, పైన “నా కల” అని హెడ్డింగు రాసి, కింద ఏం రాయాలో తెలియక పెన్ను కొరుక్కుంటూ కూర్చోవాలన్నమాట.

“మహామహులంతా కలలు కన్నవాళ్లే” అని కూడా వీళ్లే చెబుతారు. నిజమే, కాకపోతే వాళ్లు పడుకుని కన్నారు. నాడుల నుంచి అవయవాలకు సంకేతాలు రసాయనాల ద్వారా అందుతాయని నిరూపించి 1936లో నోబెల్ పంచుకున్న ఆటో లోవీ సంగతే చూడండి. ప్రయోగం ఎలా చేయాలో ఆయనకు నిద్రలో తట్టింది. అర్ధరాత్రి లేచి ఏదో కాగితం మీద గీకి మళ్లీ పడుకున్నాడు. పొద్దున చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. రోజంతా తల పట్టుకున్నాడు. మర్నాడు రాత్రి ఆ కల మళ్లీ వచ్చింది. ఈసారి రాసుకునే పని పెట్టుకోకుండా నేరుగా ప్రయోగశాలకు పోయి కప్ప గుండెల మీద ప్రయోగం చేసేశాడు. ఇదంతా ఆయనే చెప్పుకున్న కథ. నాలుగింటికి లేచే క్లబ్బులో సభ్యుడై ఉంటే ఆ నోబెల్ కప్పకు కూడా వచ్చేది కాదు.

బెంజీన్ అనే రసాయనం నిర్మాణం ఉంగరంలా ఉంటుందని, కునికిపాట్లలో కనబడ్డ, తన తోక తానే కరుచుకున్న పాము వల్ల తనకు తట్టిందని రసాయన శాస్త్రవేత్త కెకులే 1890లో బెర్లిన్ సభలో చెప్పాడు. అది నిజంగా కలేనా, పెద్దవయసులో అల్లుకున్న కథా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, మనకెందుకు. ఆ సభలో ఆయన కలలు కనడం నేర్చుకుందామని అన్నాడు. వెంటనే, మెలకువలో బాగా పరీక్షించుకునేదాకా వాటిని బయటపెట్టకండి అని కూడా అన్నాడు. మన వక్తలకు మొదటి సగమే గుర్తుంది. రెండో సగం పాటిస్తే వాళ్ల హాళ్లన్నీ ఖాళీ.

నిద్రపోనివ్వనిదే కల అనే కొలత పెట్టి చూస్తే, చరిత్రలో అందరికంటే పెద్ద కల కన్నవాడు ర్యాండీ గార్డ్‌నర్ అయ్యుండాలి. 1963 డిసెంబరు చివర్లో మొదలుపెట్టి 1964 జనవరి దాకా, శాన్ డియాగోలో ఆ 17 ఏళ్ల కుర్రాడు సైన్స్ ఫెయిర్ కోసం 264 గంటలు కన్ను మూయలేదు. మరి ఏం సాధించాడు? చిరాకు, మతిమరుపు, లేనివి ఉన్నట్టు కనబడటం. చివరి రోజు నూటిలోంచి ఏడు చొప్పున తీసేసుకుంటూ పొమ్మంటే 65 దగ్గర ఆగిపోయాడు. ఏం నాయనా అంటే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. ఇది ప్రమాదమని తర్వాత గిన్నిస్ వాళ్లు ఆ రికార్డు తీసుకోవడమే మానేశారు. మోటారు సైకిల్ మీద బస్సుల వరసను దాటేవాడికి పుస్తకంలో చోటుంది, నిద్ర మానేసేవాడికి లేదు. మన ఫార్వర్డుల్లో మాత్రం ఉంది.

వీళ్ల శిబిరం ఒకదానికి నేను కూడా వెళ్లాను. తెలిసినవాళ్లు టికెట్ అంటగట్టారు, మొహమాటానికి పోయాను. ఏసీ హాలు. చెవి పక్క నుంచి బుగ్గ దాకా వచ్చే మైకు పెట్టుకుని వేదిక మీద ఒకాయన ఆగకుండా తిరుగుతున్నాడు. “మీ కల ఎంత పెద్దది?” అన్నాడు. “చాలా పెద్దది” అన్నారు జనం. “నాకు వినపడలేదు!” అన్నాడు. వినపడింది, పక్క వీధికి కూడా వినపడింది. ఇలా గొంతులు పోయేదాకా అరిపించి, “ఇప్పుడు కలల పటం” అన్నాడు.

టేబుళ్ల మీద పాత పత్రికలు, కత్తెరలు, గమ్ము సీసాలు, తలా ఒక అట్ట. మనకు కావలసిన జీవితాన్ని పత్రికల్లోంచి కత్తిరించి అట్టకు అంటించాలట. దాన్ని గోడకు తగిలించి రోజూ చూస్తుంటే విశ్వం ఇంటికి సరఫరా చేస్తుందట. మా టేబుల్‌కి ఆరుగురం, పత్రికలు మూడు. అందులో ఒకటి ఆసాంతం తోటపని మీదే. ఈతకొలను ఉన్న బంగళా ఒకే ఒక్కటి దొరికింది, అదీ రెండు పేజీల మధ్య మడతలో. ఓ పెద్దమనిషి కత్తెర పెట్టేసరికి ఎదురుగా ఉన్నావిడ పేజీ అవతలి అంచు పట్టేసుకుంది.

“ముందు నేను చూశానండీ.”

“చూస్తే సరిపోదమ్మా, నేను పట్టుకున్నాను.”

నిర్వాహకుల కుర్రాడొకడు పరిగెత్తుకొచ్చి, “సార్, మేడమ్, విశ్వంలో అందరికీ సరిపడా సంపద ఉంది” అన్నాడు.

“ఉంటే ఇంకో పత్రిక పట్రా బాబూ” అంది ఆవిడ. లేదట. చివరికి రాజీ కుదిరింది. ఆయన కొలను తీసుకున్నాడు, ఆవిడ బంగళా తీసుకుంది. ఆయనకు కొలను దక్కింది కానీ పక్కన ఇల్లు లేదు, ఎక్కడ తల తుడుచుకుంటాడో ఏమో. నా వంతుకి తోటపని పత్రికలోంచి ఒక పార, ఒక నీళ్ల డబ్బా వచ్చాయి. బుద్ధిగా అంటించాను. ఆ కుర్రాడు నా అట్ట చూసి, “సార్, ఇంకొంచెం పెద్దగా కలగనండి” అన్నాడు. సరేనని పక్క పేజీలోంచి ఇంకా పెద్ద పార కత్తిరించాను.

ఈ అంటింపుల వల్ల ఏమొరుగుతుందో గాబ్రియెల్ ఓటింగెన్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో పరీక్షించింది. చదువు పూర్తి చేసుకుంటున్న విద్యార్థుల్లో, మంచి ఉద్యోగం వచ్చేసినట్టు తరచూ ఊహించుకుని మురిసిపోయినవాళ్లు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్లకు తక్కువ ఉద్యోగాలొచ్చాయి, జీతాలూ తక్కువే. 2002లో అచ్చయిన మాట ఇది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ప్రయోగశాల లేకుండానే తేల్చేశారనుకోండి, అది వేరే సంగతి.

శిబిరంలో తర్వాతి అంకం ధ్యానం. లైట్లు తగ్గించారు, సన్నగా వేణువు మొదలైంది. “కళ్లు మూసుకోండి. ఐదేళ్ల తర్వాత మీరెక్కడున్నారో చూడండి. మీ కొత్త కారు తలుపు తీయండి. సీటు వాసన పీల్చండి.” పీల్చాం. అంతలో వెనక వరసలోంచి గుర్రు. మొదట సన్నగా, తర్వాత నిండుగా, ఆపైన ఆరోహణ అవరోహణలతో. వక్త గొంతు పెంచాడు, గుర్రు కూడా పెరిగింది. “ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయండి” అన్నాడు. సరిగ్గా ఆ క్షణానికే వెనక నుంచి ఎంత జోరుగా వచ్చిందంటే, ముందు వరసలో ఒకాయన నిజంగానే స్టీరింగ్ తిప్పాడు. వాలంటీర్లు వెళ్లి ఆ గుర్రు మనిషిని తట్టి లేపారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేశాడట. కళ్లు నులుముకుంటూ, “ఎక్కడి దాకా వచ్చామండీ?” అన్నాడు.

అంతమందిలో కల కనగలిగినవాడు ఎవరైనా ఉంటే ఆయనొక్కడే. ఆయన్నే లేచి నిలబడమన్నారు. “నిద్రపోయేవాళ్లు గెలవరు సార్” అని మైకులో చెప్పారు. హాలంతా చప్పట్లు. ఆయన కూడా కొట్టాడు.

నాకు ఒళ్లు మండింది అక్కడే. రాత్రంతా ఎవరి కోసమో మేలుకుని వచ్చిన మనిషండీ ఆయన. నైట్ షిఫ్టుల్లో కాపలా కాసేవాళ్లు, రెండు ఉద్యోగాలు చేసేవాళ్లు, రోగి మంచం పక్క కూర్చునేవాళ్లు, పసిపిల్ల తల్లి, వీళ్లెవరూ నిద్రపోవడం లేదు. మీ సూత్రం ప్రకారం అందరికంటే పెద్ద కలలు వీళ్లవే కావాలి. మరి ఎందుకు నెరవేరలేదు? దానికీ జవాబు రెడీగా ఉంటుంది, “మీ కల చిన్నదై ఉంటుంది.” ఎంత సుఖమైన జవాబో చూడండి! జీతం చాలకపోవడం, అద్దె పెరగడం, అప్పు, జబ్బు, పని గంటలు, అన్నీ ఒక్క దెబ్బతో మాయం. తప్పంతా దిండు మీద తల పెట్టినవాడిదే. సిగ్గుండాలి.

ఆఫీసుల్లో దీనికి ఇంకో వేషం. “ఇది నా ఒక్కడి కల కాదు, మనందరి కల” అంటాడు యజమాని. కల కనడం ఆయన వంతు, మేలుకుని ఉండటం మన వంతు. ఓవర్‌టైమ్ అడిగితే, “నువ్వూ డబ్బు కోసమే పనిచేసేవాడివా?” అని బాధపడతాడు. కంపెనీ అమ్ముడుపోయిన రోజున మనందరి కల ఆయన ఒక్కడి ఖాతాలో పడుతుంది.

పైగా ప్రతి శిబిరంలోనూ తెర మీద మార్టిన్ లూథర్ కింగ్ క్లిప్పు వేస్తారు, “నాకో కల ఉంది” అన్న చోటి వరకే. 1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది వాషింగ్టన్‌లో చేరింది ఈతకొలనుల కోసం కాదు. ఆ ఊరేగింపు పేరులోనే ఉద్యోగాలు, స్వేచ్ఛ అని ఉంది. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో ఆయన్ను కాల్చి చంపారు. అక్కడికి ఎందుకు వెళ్లారనుకున్నారు? సమ్మె చేస్తున్న పారిశుద్ధ్య కార్మికుల కోసం. చెత్త ఎత్తేవాళ్ల ముందు నిలబడి మీ కల చిన్నదని ఆయన అనలేదు. మీకిచ్చే జీతం చిన్నదన్నారు. ఆ మనిషి మాట ముక్క కత్తిరించి కోర్సులు అమ్ముకుంటున్నారు వీళ్లు!

ఇప్పుడు కొత్త కోర్సు దిగింది. నిద్ర మానేయమన్నవాళ్లే “నిద్రలో కూడా సమయం వృథా చేయకండి” అంటున్నారు. కల వస్తున్నప్పుడే ఇది కల అని తెలుసుకుని, అందులో ప్రెజెంటేషన్లు ప్రాక్టీసు చేసుకోవాలట. అలాంటి ఎరుక నిజంగానే ఉంది. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హెర్న్ అనే పరిశోధకుడి దగ్గర నిద్రపోతున్న ఒకాయన, కల లోపల నుంచి ముందే అనుకున్న ప్రకారం కళ్లు అటూ ఇటూ తిప్పి బయట ఉన్నవాళ్లకు సైగ చేశాడు. ఎంత అందమైన ప్రయోగం! దాన్ని కూడా తీసుకెళ్లి ఆఫీసు పనిలో పెట్టారు.

సరే, ఆ విద్య నాకూ అబ్బిందనుకోండి. కలలో ఆ హాలు కనబడుతుంది, ఇది కలేనని తెలుస్తుంది, ఏం చేసినా అడిగేవాడుండడు. ముందు ఆ బుగ్గ మైకు బ్యాటరీ పీకేస్తాను. తర్వాత ఆయన్నే కూర్చోబెట్టి, చేతికి ఒక అట్ట, ఒక కత్తెర, ఆ తోటపని పత్రిక ఇస్తాను. పార మాత్రం ముట్టుకోనివ్వను. అది నాది.