పచ్చగా ఉందట, కాలువ!

పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫొటో. ఏలూరు కాలువ నిండా గుర్రపు డెక్క. కింద సెక్రటరీ గారి వ్యాఖ్య: "రాత్రి వానకి ఎంత పచ్చగా ఉందో చూడండి!" దానికి పన్నెండు దండాలు, ఆరు గులాబీలు.

ఈ మహానుభావుడే నిన్న సాయంత్రం మబ్బు కమ్మి ఉంటే దగ్గరుండి లాన్‌కి డీఏపీ ఎరువు చల్లించాడు. వానొస్తే గడ్డికి బాగా పడుతుందట. పట్టింది, కాలువకి! ఇందాక వెళ్లి చూశాను. గేటు దగ్గర డ్రైన్ జాలీకి సగం కరిగిన గుళికలు, ఎర్రమట్టి, ఎవరింటి కుక్కదో అది కూడా. బస్తా మీద 18-46 అని ఉంటుంది కదా, నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు ఫాస్ఫేటు. పొలంలో అయితే కొంత పైరు తాగుతుంది, కొంత గట్టు ఆపుతుంది. ఇక్కడ గట్టేది? లాన్ దాటితే గోడ దాకా టైల్సేగా!

పక్కన వెంచర్ వాళ్లు ఇంకా ఘనులు. మొన్నటిదాకా మినుము పండిన చేను. ఏళ్ల తరబడి ఎరువు తిన్న పైమట్టినంతా గోకి రోడ్డు వారగా కుప్ప పోశారు. నత్రజని నీళ్లలో కరిగిపోతే, ఫాస్ఫేటులోని భాస్వరం మట్టిని పట్టుకుని పోతుంది. వానొస్తే చాలు, మా వీధిలో చిక్కటి టీ పారుతుంది. అదంతా తాగే గుర్రపు డెక్క, నాచు బలిసేది. అవి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, చేపలు తేలతాయి. అప్పుడు మాత్రం "ఏ ఫ్యాక్టరీ వాడో వదిలాడు" అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకొస్తే లోతెంత, లోతెంత అనే గానీ, అది ఊరి మురికంతా కడిగి కొల్లేరు సరస్సుకి మోస్తోందని ఒక్కరన్నారా?

అడిగితే "మీకెందుకండీ టెన్షన్" అంటారు. నాలుగేళ్ల క్రితమూ ఇదే మాట. గేటు పక్క వేపచెట్టుండేది చూశారూ, ఆకులు కార్ల మీద రాలుతున్నాయని కొట్టించేశారు. ఈ ఆవరణలో లాన్ కాక వాన ఇంకే మట్టి ఉన్నదే దాని మొదట్లో. మా అమ్మ ఉగాదికి పువ్వు అక్కడే దులుపుకొచ్చేది, ఇప్పుడు గుప్పెడు పువ్వు బజార్లో కొనుక్కుంటోంది. చెట్టు పోయిన చోట టైల్సుకి ఇంటికి మూడు వేలు వసూలు.

ఇప్పుడే ఇంకో మెసేజ్: "ఎరువు వానకి కొట్టుకుపోయింది, మరో బస్తాకి ఇంటికి వంద పంపగలరు."

పంపను. ముందు ఆ మూడు వేలకి రసీదు పెట్టండి.