బలమైన చిప్ కాదు, కలిసే చిప్

సంక్రాంతికి రమ్మీ ముక్కలు పంచని ఇల్లు విజయవాడ, గుంటూరు వైపు అరుదు. అందుకే మెగామాన్ బ్యాటిల్ నెట్‌వర్క్ అనే వీడియో గేమ్ సిరీస్ ఆటలు ఇక్కడి కుర్రాళ్లకు తేలిగ్గా అర్థమవుతాయని నా నమ్మకం. ఆఠీనుల్లో అయిదు, ఆరు, ఏడు కలిపినా సరే, మూడు రాణులు కలిపినా సరే. ఈ ఆటలోనూ అంతే. పోరులో దాడులన్నీ పేక ముక్కల్లాంటి చిప్‌లతోనే, ఒక విడతలో ఎంచుకునే చిప్‌లకు ఒకే పేరైనా ఉండాలి, ఒకే అక్షరం కోడైనా ఉండాలి. రెండో ఆట నుంచి వచ్చిన నక్షత్రం కోడు చిప్ ఏ అక్షరంతోనైనా కలుస్తుంది. అదే జోకర్. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని రాష్ట్ర ప్రభుత్వం 2020లో నిషేధించింది. ఇక్కడ పందెం లేదు కాబట్టి ఆ గొడవా లేదు.

కాప్‌కామ్ సంస్థ 2001 నుంచి 2005 వరకు జపాన్‌లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం ఈ ఆరు ఆటలను విడుదల చేసింది. 2023లో అన్నీ ఒకే సంకలనంగా కంప్యూటర్‌కూ వచ్చాయి. అప్పటి నుంచి ఎవరిని అడిగినా తమకిష్టమైన చిప్ అంటూ పెద్ద దెబ్బ కొట్టేదాని పేరే చెబుతున్నారు. ఆ కొలతతోనే నాకు పేచీ.

పోరుకు ముందే మనం పేర్చుకునే చిప్‌ల కట్టను ఫోల్డర్ అంటారు, అందులో 30 చిప్‌లుంటాయి. మొదటి విడతలో చేతికి వచ్చేవి అయిదు. స్వోర్డ్, వైడ్ స్వోర్డ్, లాంగ్ స్వోర్డ్ అనే మూడు కత్తి చిప్‌లనూ ఒకే కోడుతో వరుసగా ఎంచుకుంటే లైఫ్ స్వోర్డ్ అవుతుంది. ఎదుట రెండు నిలువు వరుసలను ఒక్క వేటుతో ఊడ్చేస్తుంది. కానీ ఒక్కొక్కటి చొప్పున పెట్టుకుంటే మూడూ మొదటి అయిదులోనే పడే అవకాశం 406లో ఒకటి! ఒక చిప్‌ను మొదటి విడతలో తప్పక వచ్చేలా పెట్టుకునే రెగ్యులర్ చిప్ పద్ధతి రెండో ఆటలో వచ్చింది. దానితో లెక్క దాదాపు 68లో ఒకటికి దిగుతుంది. ఇంకా తక్కువే, కానీ ఆశ పెట్టుకోదగ్గ తక్కువ.

ఈ సిరీస్ ఎదుగుదల అంతా నాకు ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. మొదటి ఆటలో ఒకే చిప్‌ను పదిసార్లు పెట్టుకోవచ్చు. మొదటి చేతిలో కనీసం ఒకటి పడే అవకాశం 89 శాతం. ఇక ఆలోచించే పనేముంది? రెండో ఆట ఆ హద్దును అయిదుకు తగ్గించింది, అవకాశం 63 శాతమైంది. మూడో ఆటలో నాలుగే, సుమారు 54 శాతం. దానికి తోడు మామూలుగా బలమైన మెగా చిప్‌లు అయిదు, వాటికంటే బలమైన గిగా చిప్ ఒక్కటి మించకూడదు. కట్టడి బిగిసిన కొద్దీ ఫోల్డర్ కట్టేవాడి తెలివికి పని పెరిగింది. మూడో ఆటే మేలన్న నా అభిప్రాయానికి కథ కంటే ఇదే పెద్ద కారణం.

నా ఇష్టమైన చిప్ ఏరియా గ్రాబ్. దాని దెబ్బ నామమాత్రం. ఆరు నిలువు వరుసల బరిలో మన వాటా మూడే. ఇది శత్రువు వాటాలోంచి ఒక నిలువు వరుసను మనకు లాగేస్తుంది. దగ్గరకు వెళ్లలేక మూలపడ్డ కత్తులన్నీ అప్పుడు పనికొస్తాయి, శత్రువు తప్పించుకునే చోటూ తగ్గుతుంది. నక్షత్రం కోడుది దొరికితే ఏ ఫోల్డర్‌లోనైనా ఇమిడిపోతుంది. రెండో ఆటలో ప్రిజమ్ అనే చిప్‌ను ఫారెస్ట్ బాంబ్ చిప్‌తో కలిపి బాస్‌ను క్షణాల్లో ముగించేవారికి ఇది చప్పగా తోచవచ్చు. నాకు మాత్రం ఆ జంట రెండోసారికే విసుగు పుట్టించింది.

సంకలనంలో బస్టర్ (చిప్‌లు లేకుండానే మెగామాన్ పేల్చే చేతి తుపాకీ) దెబ్బను వంద రెట్లు పెంచే మీట కూడా ఉంది. కథ కోసమే ఆడేవారు వాడుకోవచ్చు, తప్పులేదు. కాకపోతే అది నొక్కాక ఫోల్డర్ తెరిచే అవసరమే రాదు.