మహారాజశ్రీ గేమింగ్ కంప్యూటర్ గారికి

మహారాజశ్రీ గేమింగ్ కంప్యూటర్ గారి దివ్య సముఖమునకు, తమరి యజమానినని ఇంకా నమ్ముతున్నవాడు వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరి ఉష్ణోగ్రత 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. నా క్షేమం సంగతి వాయిదాలు తీరాక విన్నవించుకుంటాను.

తమరు వేంచేసిన రోజు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. పాత కంప్యూటర్‌లో తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు బిగించి మరిచిపోయేవాణ్ణి. తమరిలోని ఎన్విడియా వారి 5090 కార్డు రెండు కిలోలకు పైమాటే! అది సొంత బరువుకే ఒరిగిపోకుండా కింద చిన్న ఊతకర్ర నిలబెట్టవలసి వచ్చింది. ఆడుకునే వస్తువుకు చేతికర్ర ఇచ్చి నిలబెట్టడం అదే మొదలు. ర్యామ్ పట్టీలకు దీపాలు వెలిగినంతమాత్రాన వాటి వేగం పెరగదని నాకు తెలుసు. అయినా ఊదారంగా, నీలమా అని తేల్చుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

ఇక అసలు విషయం. సెకనుకు 240 చిత్రాలు చూపించే మానిటర్‌ను తమరికి జోడుగా తెచ్చాను. ఇంటికి వచ్చినవాళ్లందరినీ దాని ముందు కూర్చోబెట్టి, "చూశారా, వెన్న మీద వేలు జారినట్టుంది" అని మురిసిపోయాను. పాపం, వాళ్లూ తలూపారు. అయిదు నెలల తర్వాత మా మేనల్లుడు సెట్టింగులు తెరిచి, కాసేపు నోట మాట రాక, "మామయ్యా, ఇది 60 మీదే ఉంది" అన్నాడు. మానిటర్‌ను 240కి మార్చుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. తమరూ చెప్పలేదు. అన్ని రోజులూ నేను మెచ్చుకున్న మృదుత్వం ఏ చవక మానిటర్ అయినా ఇచ్చేదే.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. సెకనుకు 60 చిత్రాలంటే ఒక్కో చిత్రానికి 16.7 మిల్లీసెకన్లు. 120కి పెంచితే 8.3, అంటే ఎనిమిదికి పైగా ఆదా. ఆ తేడా కంటికి తెలుస్తుంది, ఒప్పుకుంటాను. 120ని 240 చేస్తే మిగిలేది నాలుగు. 480 చేస్తే రెండు. ప్రతిసారీ తమరి శ్రమ రెట్టింపు, నాకు దక్కేది సగం. కొండను తవ్వి ఎలుకను పట్టడమే నయం, ఎలుక కనీసం కనిపిస్తుంది. పైగా పోటీల్లో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడే మహామహుల్లో చాలామంది చిత్రాల హంగును కావాలనే తగ్గించుకుంటారట. వాళ్లకు గెలవడం ముఖ్యం. నాకేమో సెకనుకు ఎన్ని చిత్రాలో చెబుతూ తెర మూలన తిరిగే అంకె ముఖ్యం. శత్రువు వెనుక నుంచి వచ్చి కాల్చేసినప్పుడు కూడా నా చూపు ఆ అంకె మీదే ఉంది.

తమరి వంశచరిత్ర కూడా తిరగేశాను. 2020లో 3090 కార్డు 1,499 డాలర్లకు విడుదలైంది. 2023 జనవరిలో వచ్చిన 4070 టీఐ ఆటల్లో దాదాపు దానికి సమానం, ధర 799. రెండున్నరేళ్లు కూడా ఓపిక పట్టలేనివాడు చెల్లించిన జరిమానా 700 డాలర్లన్నమాట. అది తెలిసి కూడా 1,999కి విడుదలైన తమరిని తెచ్చుకున్నాను. తమరి కార్డు ఒక్కటే నిండుగా పనిచేస్తే 575 వాట్లు తాగుతుంది, తాగినదంతా చివరికి గదిలోకి వేడిగానే వదులుతుంది. చలికాలంలో తమరి విలువను నేనెన్నడూ ప్రశ్నించలేదు.

న్యాయంగా ఒక మాట. త్రీడీ బొమ్మలు చేసి పొట్ట పోసుకునేవారికి, భారీ వీడియోలు కూర్చేవారికి తమరు గంటల కొద్దీ సమయం మిగులుస్తారు. వాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి వస్తుంది. 4కె తెర మీద కాంతి పోకడను కిరణం కిరణంగా లెక్కగట్టే కొత్త ఆటలకూ తమరి బలం కావాలి. అలాంటి ఆటలు మూడు కొన్నాను. మూడింటిలోనూ మొదటి గది దాటలేదు. ఆ గదిలో నీటి గుంట మీద పడిన దీపపు నీడ మాత్రం అద్భుతం. కూర్చుని చూశాను.

మరి రోజూ ఆడేదేమిటంటారా? దాచడమెందుకు, స్టార్‌డ్యూ వ్యాలీ. 2016 నాటి ఆట. చుక్కల బొమ్మల పొలం, ఒక కుక్క, నాలుగు కోళ్లు. దానికి 256 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ చాలు. తమరి దగ్గర దానికి సరిగ్గా 128 రెట్లు ఉంది. కోళ్లకు మేత వేస్తున్నప్పుడు తమరి మనసులో ఏమనిపిస్తోందో అని అప్పుడప్పుడు సిగ్గేస్తుంది.

తమరిని అమ్మేద్దామని నిన్న ఒక ప్రకటన కూడా రాసుకున్నాను. "చాలా తక్కువగా వాడినది" అన్న వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అందులో అబద్ధం లేకపోవడమే ఇబ్బంది.

ఈ ఉత్తరం తమరి మీదే టైపు చేశాను. మొదటి అక్షరం నుంచి ఇక్కడిదాకా కార్డు ఫ్యాన్లు మూడింటిలో ఒక్కటీ కదలలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు