మాకు జాతి వివక్ష లేదు, పోర్షన్ మాత్రం ఖాళీగా ఉంది

హబ్సిగూడలో మా మేడమీది పోర్షన్ నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. రెండు పడక గదులు, తూర్పు వాకిలి, మునిసిపల్ నీళ్లకు తోడు బోరు. అద్దె రాని ఇంటి యజమానికి తీరిక ఎక్కువ. ఆ తీరికలో నేను వివిధ దేశాల్లో జాతి వివక్ష తీరుతెన్నులను శ్రద్ధగా అధ్యయనం చేశాను. తేలినది ఒకటే. జాతి వివక్ష విదేశాల్లో మాత్రమే పండే పంట. మన నేల దానికి సరిపడదు. మన దగ్గర ఉన్నది అభిరుచి.

అధ్యయనానికి కారణం మా మేనల్లుడు. చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలతో మొక్కుకుని, వీసా వచ్చాక 108 ప్రదక్షిణలు తీర్చుకుని మరీ విమానం ఎక్కినవాడు. మొన్న రాత్రి డల్లాస్ నుంచి ఫోను చేశాడు. అద్దె ఇల్లు చూడటానికి వెళితే అక్కడి యజమాని, "మీ వంటల వాసన గోడలకు పట్టేస్తుంది, వదలదు" అన్నాడట. "ఎంత మాటన్నాడు మామయ్యా!" అని వాడి గొంతు వణికింది. నా రక్తం ఉడికిపోయింది. ఇంగువ పోపును అంత మాటంటాడా!

అప్పటికప్పుడు వాడికి చట్టం బోధించాను. అమెరికాలో 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది నాయనా, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనడం చెల్లదు. ఇంగ్లండులో కెంట్ వైపు వందల ఇళ్లున్న ఒక ఆసామి, కూర వాసన పేరు చెప్పి రంగు మనుషులకు ఇళ్లు ఇవ్వొద్దని తన ఏజెంట్లకు రాస్తే, 2017లో కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చింది. నువ్వూ వదలకు, ఫిర్యాదు నేను రాసి పెడతాను అన్నాను. "ఇవన్నీ నీకెలా తెలుసు మామయ్యా?" అని ఆశ్చర్యపోయాడు. నేనూ ఇంటి యజమానినే కదా, ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

మర్నాడు ఉదయం పోర్షన్ చూడటానికి ఒక కుర్రాడు వచ్చాడు. ఉస్మానియాలో చదువుతున్నాడు, సొంత దేశం సూడాన్. ఫోనులో మాట్లాడినప్పుడు అన్నీ కుదిరాయి. మూడు నెలల అడ్వాన్సు ఒకేసారి ఇస్తానన్నాడు. గేటు దగ్గర మనిషిని చూడగానే నాకు హఠాత్తుగా ఒక సంగతి గుర్తుకొచ్చింది. పోర్షన్ నిన్ననే ఎవరికో మాట ఇచ్చేశాను! అతను గేటుకు వేలాడుతున్న టులెట్ బోర్డు వైపు చూశాడు. నేనూ చూశాను. "తీయడం మరిచిపోయాను" అన్నాను. "పరవాలేదు అంకుల్" అన్నాడు. తెలుగులోనే అన్నాడు.

ఇక్కడే పాఠకులు రెండు నాగరికతల మధ్య తేడా గమనించాలి. డల్లాస్ మోటువాడు ఉన్న మాట మొహం మీద అనేశాడు. నేను ఎదుటివాడి మనసు నొప్పించకుండా నా మతిమరుపును బలి పెట్టాను.

పొరుగున ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకరు ఈ సంగతి విని, "హబ్సిగూడ అంటే ఏమిటో తెలుసా?" అని అడిగారు. హబ్షీ అంటే అబిసీనియా నుంచి, ఆ చుట్టుపక్కల ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాడట. నిజాం కొలువులోని హబ్షీలు ఉన్న చోటు కాబట్టి ఈ పేరు వచ్చిందని చెబుతారట. మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ సంగతీ ఆయనే చెప్పారు. అందులో ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అని నేను ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను. కాదట, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం అశ్విక దళంలోని సిద్దీల బస్తీ అది. మా పెద్దవాడి పెళ్లి ఊరేగింపులో మర్ఫా పెట్టించి నేను కూడా నాలుగు అడుగులు వేసిన మాట వాస్తవం. ఆ వాయిద్యం ఈ ఊరికి ఆ సిద్దీలు, బార్కస్ అరబ్బులు పంచిన సొత్తని మాస్టారి వాదన. బార్కస్ అంటే బారక్స్ అట, యెమెన్ నుంచి వచ్చిన సిపాయిల బారకాసులు. ఇదంతా చరిత్ర. చరిత్రను నేను గౌరవిస్తాను. దానికి పోర్షన్ అద్దెకు ఇవ్వను.

ఇక ఇతర దేశాల పద్ధతులు. వీటిలో నాకు వృత్తిపరమైన ఆసక్తి కలిగించినది ఆస్ట్రేలియా. వారు 1901లో వలసల చట్టం చేసుకున్నారు. తెల్లవారు కానివారిని రానివ్వకూడదన్నదే ఉద్దేశం గాని, అలా రాస్తే బాగుండదని డిక్టేషన్ పరీక్ష పెట్టారు. అధికారి ఏదైనా యూరోపియన్ భాషలో 50 మాటలు చదువుతాడు, వచ్చినవాడు తప్పులేకుండా రాయాలి. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. మనిషి నచ్చకపోతే అతనికి రాని భాష వెతికి పట్టుకోవడమే పరీక్ష. 1934లో ఎగాన్ కిష్ అనే ప్రాగ్ పాత్రికేయుడు వస్తే, ఆయనకు చాలా యూరప్ భాషలు వచ్చని తెలిసి స్కాటిష్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. చివరికి వారి హైకోర్టే, ఇది చట్టం చెప్పిన యూరోపియన్ భాష కిందికి రాదు పొమ్మంది. ఆ పరీక్షను 1958 దాకా మోశారు పాపం.

ఎంత శ్రమ, ఎంత కాగితం! మన పరీక్షకు ఒక్క ప్రశ్న చాలు. పోర్షన్ కోసం వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, "మీరెవరమ్మా?" అని అడుగుతాం.

"సాఫ్ట్‌వేర్ ఇంజినీరునండి."

"అది కాదమ్మా. మీరు ఎవరు అని."

"గచ్చిబౌలిలో పని చేస్తానండి."

"అది సరేనమ్మా. మీరు, అంటే మీ వాళ్లు..."

ఇంతటితో అర్థం కాకపోతే ఇంటిపేరు అడుగుతాం. ఇంటిపేరు తేలనిదైతే సొంత ఊరు. ఊరు చెబితే ఊళ్లో ఏ వైపు ఇల్లు అని. ఊరికి ఏ దిక్కున ఇల్లుందో చెప్పిన తరువాత మిగిలిన 49 మాటలతో మాకు పని లేదు. ఇందులో తప్పిన వారెవరికీ తాము పరీక్ష రాశామన్న సంగతే తెలియదు. మంచినీళ్లు ఇచ్చారన్న జ్ఞాపకం ఒక్కటే మిగులుతుంది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర కులం, జాతి అడ్డం రాకూడదంది. మా మేడమీది పోర్షన్ దుకాణం కాదు, హోటలు కాదు, బావి అంతకన్నా కాదు.

అమెరికా దగ్గరికి వస్తే, మనవాళ్లు అక్కడికి మన పరీక్షను ఎగుమతి చేయబోయి దెబ్బతిన్న కథ ఒకటుంది. భగత్ సింగ్ థింద్ అమృత్‌సర్ వైపు మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరినవాడు. ఆ రోజుల్లో అక్కడ పౌరసత్వం కావాలంటే తెల్లవాడైనా కావాలి, ఆఫ్రికా సంతతివాడైనా కావాలి. ఆ చట్టం అన్యాయమని ఆయన వాదించలేదు. నేను ఆర్యుణ్ని, పెద్ద కులంవాణ్ని, కాబట్టి నేనూ తెల్లవాణ్నే అని వాదించాడు. సిక్కు అయినా కోర్టు కాగితాల్లో 'పెద్ద కులపు హిందువు'గానే నమోదయ్యాడు. అంటే అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కి "మేము ఎవరమో తెలుసా?" అని మనం అడిగాం. 1923లో జవాబొచ్చింది. శాస్త్రాలు ఏమన్నా అననీ, మామూలు జనం దృష్టిలో మీరు తెల్లవారు కారు అని. ఈ తీర్పు చదివి నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కులాన్ని గుర్తుపట్టలేని దేశం అదేం దేశం? 1946లో మనసు కరిగి, ఏడాదికి వంద మంది భారతీయులను రానిస్తామన్నారు. మా వీధిలో ఒక్క అపార్టుమెంటు పిల్లలకు కూడా చాలని లెక్క అది. ఇక 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టమన్నారు. నేను అడిగేది మూడు నెలల అడ్వాన్సే!

మాస్టారు ఇక్కడ మళ్లీ అడ్డుపడ్డారు. వలస వచ్చినవాళ్ల మీద గొడవ ఈ గడ్డకు కొత్త కాదన్నారు. బహమనీల కాలంలోనే దక్కనీలని, ఆఫాకీలని రెండు ముఠాలట. ఆఫాకీ అంటే ఇరాన్ వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు, ఇప్పటి మాటల్లో హెచ్-1బి. గీలాన్ నుంచి వచ్చి ప్రధానమంత్రి దాకా ఎదిగిన మహమూద్ గవాన్‌ను స్థానిక ముఠా దొంగ ఉత్తరం సృష్టించి ఇరికిస్తే, సుల్తాను 1481లో తల తీయించాడు. గోల్కొండను ఏలిన కులీ కుతుబ్ షా తాతముత్తాతలదీ ఇరాన్‌లోని హమదాన్. ఊరు పెట్టినవాడే పరదేశి అయితే ఇందులో స్థానికుడెవరని మాస్టారి ప్రశ్న. నేను 1986లో వచ్చాను, నా తరువాత వచ్చినవాళ్లంతా పరదేశులు. ఇంత తేలిక లెక్క ఆయనకు ఎందుకు అందదో తెలియదు.

ఆయనే ముల్కీ నిబంధనలూ చెప్పారు. ముల్కీ అంటే స్థానికుడు. 1919 నాటి నిజాం కట్టడి ప్రకారం బయటివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్లు ఈ రాజ్యంలో ఉండాలి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం రాసివ్వాలి. దొంగ ముల్కీ పత్రాలతో బయటివాళ్లు ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ కడుపుమంటలో నిజముంది, కాల్పుల్లో ప్రాణాలూ పోయాయి, దాని మీద వేళాకోళం ఆడే పాటి ధైర్యం నాకు లేదు. అయితే 'గైర్ ముల్కీ గో బ్యాక్'తో పాటు నాడు గోడల మీదికెక్కిన మరో నినాదం 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్'. మనుషుల సంగతి ఎలా తేలిందో గాని ఇడ్లీ మాత్రం వెళ్లలేదు. రేపు ఉదయం ఏడింటికి హబ్సిగూడ చౌరస్తాకు వస్తే బండి దగ్గర వరుసలో మీకు నేనే కనబడతాను.

ఒక్కచోట మాత్రం మాస్టారు నన్ను కాస్త ఇబ్బంది పెట్టారు. బాత్రూముకు టైల్స్ వేయడానికి బిహారు కుర్రాళ్లను పిలిచాను, సగం కూలికే ఒప్పుకున్నారు కాబట్టి. పని నడుస్తుండగా కాఫీ తాగుతూ, "వీళ్లొచ్చి మనవాళ్ల పొట్ట కొడుతున్నారు" అని ఒక మాట వదిలాను. మాస్టారు కప్పు కింద పెట్టి రంగూన్ కథ ఎత్తుకున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలని పిలిచేవారట. మర్యాదగా కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కడితే ఓడల కంపెనీలు బర్మా కూలీలను తెచ్చుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నాయి. కొట్లాట మొదలై వీధివీధికీ పాకింది, ఎందరో తెలుగువాళ్లు చచ్చిపోయారు. వేలమంది దాక్కోవడానికి చోటు వెతుక్కున్నారు. "తక్కువ కూలికి వచ్చి మన పొట్ట కొడుతున్నారన్నదే అప్పుడు వాళ్ల మాట కూడా" అన్నారు మాస్టారు. లోపల టైల్స్ కోసే యంత్రం మోగుతోంది, ఆయన ఇంకా ఏదో అన్నారు గాని నాకు వినబడలేదు. 2020 మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌కు బయలుదేరిందని టీవీలో చూసినప్పుడు, ఇంతమంది మన మధ్య ఎక్కడ ఉండేవారా అని నేను విస్తుపోయిన మాట కూడా దాచను.

గల్ఫ్ గురించి రాయడానికి పెద్దగా లేదు. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవారు కఫీల్ అనే పూచీదారు యజమాని అనుగ్రహం మీద ముప్పై ఏళ్లు పని చేసినా అక్కడి పౌరులు కారు. ఉండు గాని ఇక్కడివాడివి కాకు అన్న మాట. మా అపార్టుమెంటుల్లో మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబానికి వర్తించేదీ ఇదే సూత్రం, పైగా వాళ్లకు లిఫ్టు కూడా వేరు.

అన్నిటికన్నా మన దేశం గొప్పతనం 2001లో డర్బన్‌లో కనబడింది. జాతి వివక్ష మీద ప్రపంచ సభ జరిగితే, కులాన్ని అందులోకి లాగడానికి వీల్లేదని, కులం జాతి కాదని మన ప్రభుత్వం గట్టిగా నిలబడింది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తే అక్కడి మనవాళ్లు కొందరు, ఇది మమ్మల్ని వేరు చేసి చూడటమే, ఇదే వివక్ష అని వాపోయారు. ఎంత న్యాయమైన బాధ! మనిషిని పుట్టుకను బట్టి అంచనా వేయడం అక్కడ ఇంతగా ప్రబలిందన్నమాట.

ఇన్ని చదివాక ఊరుకోకూడదనిపించి నిన్న సాయంత్రం డీటీపీ సెంటరుకు వెళ్లాను. మేనల్లుడి తరఫున అమెరికా గృహ శాఖకు ఫిర్యాదు ఒకటి, మా గేటుకు కొత్త టులెట్ బోర్డు ఒకటి. రెండూ ఇంగ్లీషులోనే రాసుకెళ్లాను, బోర్డుకు హోదా ఉండాలి కదా. కుటుంబీకులకు మాత్రమే, శుద్ధ శాకాహారులకు మాత్రమే, మిగతావి స్వయంగా మాట్లాడబడును. కంప్యూటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చకచకా కొట్టుకుంటూ పోయి, మధ్యలో ఆగింది.

"అంకుల్, వంటల వాసన గోడలకు పట్టేస్తుంది అన్న లైను విడిగా చీటీ మీద రాశారు. ఇది ఉత్తరంలోకి వస్తుందా, బోర్డులోకి వస్తుందా?"

కళ్లజోడు సవరించుకుని చీటీ చూశాను. చేతిరాత నాదే.

"రెండింటిలోనూ పెట్టమ్మా" అన్నాను.