పస్తుండి తాగితే లెక్క సరిపోతుందట!

ఈమధ్య ఏ గ్రూపు తెరిచినా ఒకటే ఫార్వర్డు. ‘పార్టీ రోజు టిఫినూ భోజనమూ మానేస్తే మందు క్యాలరీలు వాటితో చెల్లు. విస్కీలో కొవ్వు లేదు. పొద్దున్నే పరిగెడితే అంతా చెమటలో పోతుంది. మ్యాచ్ తర్వాత బీరు కండకు మంచిది. అసలు ఆటల్లో డోపింగును అడ్డుకునే ప్రపంచ సంస్థ వాడా (WADA) నిషేధ జాబితాలోనే మద్యం లేదు.’ కాలేజీ జట్లకు ఆడే పిల్లలు కూడా దీనికి లవ్ గుర్తులు పెట్టి మరీ పంపుతున్నారు.

కొవ్వు లేదు, సరే. గ్రాము పంచదారకు 4 క్యాలరీలు, గ్రాము ఆల్కహాలుకు 7. అరవై మిల్లీల విస్కీ పెగ్గంటే దాదాపు 140.

చెమట సంగతా? తాగినదాంట్లో తొంభై శాతానికి పైగా కాలేయమే తన తీరిక మీద కరిగించాలి. హ్యాంగోవర్‌తో పరిగెత్తితే పోయేది ఒంట్లో మిగిలిన ఆ కాసిని నీళ్లే.

అసలు ఒళ్లు మండేది మొదటి సలహాకి. కడుపులో అన్నముంటే మందు అక్కడే కాసేపు ఆగి మెల్లగా పేగుల్లోకి దిగుతుంది. ఖాళీ కడుపైతే గబగబా రక్తంలో కలుస్తుంది. పెగ్గులు అవే, ఎక్కేది మాత్రం ఎక్కువ. ఆడపిల్లలకైతే ఒంట్లో నీటి శాతం తక్కువ కాబట్టి మరీను. పైగా పొద్దుటి నుంచి పస్తు, సాయంత్రం ప్రాక్టీసు. కాలేయం దాచుకున్న చక్కెర నిల్వ తగ్గిపోయి ఉంటుంది. కొత్తగా తయారుచేద్దామంటే మందు అడ్డం పడుతుంది. ఇక చల్లటి చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. హాస్టల్ గదిలో పక్క మంచం వాడు ‘బాగా ఎక్కిందిరా, పడుకోనీ’ అని లైటార్పేస్తాడు. అది షుగర్ పడిపోవడం కూడా కావచ్చు. లేపినా లేవకపోతే 108కి ఫోన్ చేయాలి నాయనా, లైటార్పడం కాదు! ఈ డైట్ మేధావుల కన్నా మన పాత తాగుబోతులే నయం, మంచింగ్ లేనిదే గ్లాసు ముట్టరు.

బీరూ, కండా అంటారా? 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు వ్యాయామం చేసిన మగవాళ్లకు ప్రొటీనుతో పాటు మందూ ఇచ్చి చూశారు. ప్రొటీన్ ఒక్కటే తీసుకున్నప్పటితో పోలిస్తే కండరాల్లో ప్రొటీన్ తయారీ 24 శాతం తగ్గింది. బాగానే పట్టించారు లెండి, ఒక్క బీరుతో అంత జరగదు.

వాడా మాట మాత్రం అక్షరాలా నిజం. 2018 నుంచి మద్యాన్ని జాబితాలోంచి తీసేశారు. అంతకుముందు కూడా విలువిద్య, మోటారు పందేల వంటి నాలుగింటికే ఆ నిషేధం. ఆ జాబితాలో ఆముదం కూడా లేదు మరి, ఫైనల్ రోజు ఒక గ్లాసు పట్టించి దిగండి.