సవరణ: వేయించే స్కోన్ల పిండి ఎంతసేపు పొంగాలి?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో నూనెలో వేయించి చేసే రొట్టెలే యూటా స్కోన్లు. వాటి తయారీలో, ఈస్ట్ (పిండిని పొంగించే పదార్థం) కలిపిన పిండిని రెండు గంటలు పొంగనివ్వమని ఇంతకుముందు రాశాను. అది చలికాలపు లెక్క. తిరుపతి మే నెల ఎండల్లో గంటలోపే పిండి రెట్టింపవుతుంది, కాబట్టి కాస్త ముందునుంచే చూస్తూ ఉండండి. వేలితో నొక్కితే పడిన గుంట నెమ్మదిగా సగం పూడాలి. నొక్కగానే పిండి మొత్తం కుంగిపోయి పుల్లటి వాసన వస్తే సమయం మించిపోయినట్టే.

పిండి కలిపే గోరువెచ్చని నీళ్లంటే 40 డిగ్రీల సెల్సియస్ దాటనివి. మరిగిన నీళ్లు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది.

కొందరు ఈస్ట్ బదులు బేకింగ్ పౌడర్ చాలదా అని అడిగారు. అది ఓవెన్‌లో కాల్చే బ్రిటిష్ స్కోన్లకు. యూటాలో మాత్రం స్కోన్లను ఈస్ట్ పిండితో చేసి, నూనెలో వేయించి, తేనె కలిపిన వెన్నతో తింటారు. తేనె బదులు చిత్తూరు బెల్లం పాకమైతే నాకు మరీ ఇష్టం.