కౌపీన సంరక్షణకు 32 అంగుళాల టైర్లు

కంపెనీవాడు ఇచ్చిన బండిని ఇచ్చినట్టే నడపడం బద్ధకస్తుల పని. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. ఇంజనీర్లు ఏళ్ల తరబడి కూర్చుని లెక్కలు కట్టిన క్లచ్‌లో లోపం ఉందని, ఒక శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో నిలబడి, ఫోన్‌లో పదకొండు నిమిషాల వీడియో చూసి కనిపెట్టగలిగినవాడే అసలైన యజమాని. మా తోడల్లుడు అలాంటివాడు.

అరిజోనాలో, చాండ్లర్‌లో ఉంటాడు. రెండేళ్ల కిందట ఒక సెకండ్‌హ్యాండ్ సైడ్ బై సైడ్ కొన్నాడు. చూడనివాళ్లకు చెప్తున్నాను: ఇద్దరేసి పక్కపక్కన కూర్చునే బండి, చుట్టూ ఇనుప గొట్టాల పంజరం, తలుపులు ఉన్నా లేనట్టే. ఆటోకీ జీపుకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది, ధరలో మాత్రం కారుకి మేనత్త. దీన్ని ట్రైలర్ మీద కట్టుకుని నాలుగు గంటలు లాక్కెళ్లి, కాలిఫోర్నియా సరిహద్దు దాటాక గ్లామిస్ దగ్గర ఇసుక దిబ్బల మీద వదులుతారు. దిబ్బ అవతల నుంచి వచ్చేవాడికి కనబడాలని నేల నుంచి కనీసం 8 అడుగుల ఎత్తున జెండా కట్టాలన్నది అక్కడి నిబంధన. మావాడు ఆ కర్రకు రంగు రంగుల లైట్లు కూడా చుట్టాడు. రాత్రిపూట దూరం నుంచి చూస్తే తిరునాళ్లలో ప్రభ కదిలొస్తున్నట్టుంటుంది.

బండి 29 అంగుళాల టైర్లతో వచ్చింది. పక్కవాడి బండికి 32. ఇంకేం చెప్పాలి?

టైరు మూడంగుళాలు పెరిగితే ఒక్కో చుట్టుకి బండి పది శాతం ఎక్కువ దూరం పోతుంది. వినడానికి లాభసాటి బేరంలా ఉంటుంది గానీ ఆ పది శాతం ఎవడో ఒకడు మొయ్యాలి. ఆ మోసేవాడు ఒక రబ్బరు బెల్టు. మన యాక్టివా కడుపులో ఉన్నదీ ఇదే ఏర్పాటు. బావి గిలకల్లాంటివి రెండు (వీటినే క్లచ్ అంటారు), వాటి మధ్య బెల్టు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ముందు గిలకలోని బరువులు బయటికి విసురుకుని, దాని రెండు పెదవుల్నీ దగ్గరికి నొక్కుతాయి. బెల్టు ఆ గిలకలో పైకెక్కుతుంది, వెనక గిలకలో లోపలికి దిగుతుంది. గేర్లు మార్చే పనే లేదు. 1958లో డచ్చి వాళ్లు ఈ పద్ధతిలో కారు చేస్తే అది ముందుకి ఎంత జోరుగా పోతుందో వెనక్కీ అంతే జోరుగా పోయేదట. వాళ్లు దాంతో వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టుకున్నారు. మావాడికి ఈ సంగతి నేను చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

కొత్త టైర్లతో మొదటి దిబ్బ సగం ఎక్కేసరికి బెల్టు కాలింది. ఆ రాత్రి ఇంటికొస్తే మా మరదలు వాసన పట్టి, “కుక్కర్ గాస్కెట్ మాడిందా ఏంటి?” అని వంటింట్లోకి పరిగెత్తింది. మూత విప్పి చూస్తే బెల్టు లేదు. నులకమంచం విప్పి పోసినట్టు దారాలు, ఇరుసు చుట్టూ బిగిసిపోయి ఉన్నాయి. కత్తెరతో, పళ్ల పట్టకారుతో గంటన్నర లాగాం. కొత్త బెల్టు రెండు వందల డాలర్లకు అటూ ఇటూ.

“బెల్టు తప్పు కాదన్నయ్యా, క్లచ్ తప్పు,” అన్నాడు. అలా కిట్టు వచ్చింది.

కిట్టు అంటే కొత్త స్ప్రింగులు, కొత్త బరువులు, చిన్న చిన్న బోల్టులు, ఒక కాగితం. ఏ సైజు టైరుకి, సముద్రమట్టానికి ఎంత ఎత్తులో నడిపితే ఎన్ని గ్రాములు వెయ్యాలో అందులో పట్టిక ఉంది. బరువు తగ్గిస్తే ఇంజను వేగం పెరుగుతుంది, పెంచితే తగ్గుతుంది. ఒకటి రెండు గ్రాముల తేడాలతో నడిచే ఈ శాస్త్రం ముందు హోమియో వైద్యం మోటుసరసం. మావాడు వంటింట్లో పిండి తూచే కాటా పట్టుకొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని ఒక్కో బోల్టూ తూచాడు. ఆ ఏకాగ్రత ఇంజనీరింగ్‌లో ఉండి ఉంటే మూడు బ్యాక్‌లాగులు మిగిలేవి కావు.

క్లచ్ మూత వెనక స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. మరలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలని కాగితంలో ఉంది. కాగితం సోనా మసూరి బస్తా మీద ఉంది. మేం బస్తాకి వీపు పెట్టి కూర్చున్నాం. చివరి మర ఊడగానే మూత ఎగిరి అదే బస్తాకి తగిలి ఆగింది, బియ్యం జలజలా రాలాయి. క్లచ్ లోపల ఎన్ని గింజలు పడ్డాయో తెలియదు. కావాలంటే ఆ బండి మీద తలంబ్రాలు కూడా పడ్డాయని చెప్పుకోవచ్చు.

ఆదివారం కిట్టు అద్భుతంగా పనిచేసింది. బెల్టు కాలలేదు. యాక్సిల్ విరిగింది.

ఊళ్లో పొలం మోటారుకి ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టేవాళ్లం గుర్తుందా? ఆ తర్వాత ఫ్యూజు ఎప్పుడూ పోలేదు, మోటారే పోయింది. ఇదీ అంతే. ఇప్పుడు మావాడు గట్టి యాక్సిళ్లు వేయించాడు. అవి విరగవు కాబట్టి ముందు చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ మీద అనుమానం మొదలైంది. బరువు పెరిగింది కాబట్టి లాగే ట్రక్కూ చిన్నదైపోయింది. గోచీ ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాలకోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి కథ మనం పిల్లలకు చెప్పి నవ్విస్తాం. ఆయన పురోగతిని అర్థం చేసుకున్నవాళ్లు లేరు పాపం. అసలు బెల్టే లేని బండ్లు కూడా ఉన్నాయి. హోండా వాళ్ల టాలన్, యమహా వాళ్ల వైఎక్స్‌జెడ్ నిజం గేర్లతోనే నడుస్తాయి. కానీ అది కొంటే శనివారాలు ఏం చేస్తాడు?

ఈలోగా మా మామగారు ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. మార్కాపురం డిపోలో బస్సు నడిపి రిటైరయ్యారు. దోర్నాల మీంచి శ్రీశైలం ఘాట్ కొన్ని వేలసార్లు ఎక్కి దిగిన మనిషి. డీజిలు లెక్క తగ్గిందని డిపో మేనేజర్ చేత ఒక్క మాట కూడా పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న ఆయన్నీ గ్లామిస్ తీసుకెళ్లాం. నేను వెనక సీట్లో ఉన్నాను. దిబ్బ మధ్యలో బండి మూలుగుతుంటే, మావాడి పక్క సీట్లో కూర్చున్న ఆయన గేరు రాడ్డు వైపు చూశారు.

“అల్లుడుగారూ, ఇక్కడ ఎల్ అని ఉందే, అదేంటండీ?”

“లో గేరు మామయ్యగారూ. నెమ్మదిగా పోయేవాళ్లకి.”

“ఎత్తు ఎక్కేటప్పుడు వెయ్యరా?”

మాన్యువల్‌లో కూడా అదే ఉంది. నెమ్మదిగా, బరువుతో ఎక్కేటప్పుడు లో గేరు వెయ్యమని, లేకపోతే బెల్టు వేడెక్కుతుందని. మావాడు ఆ పుస్తకం కవరు కూడా చించలేదు. పెద్దాయన మాట తీసెయ్యలేక బండి ఆపి ఎల్‌లో వేశాడు. ఎక్సలేటర్ మీద కాలు పెట్టీ పెట్టగానే బండి గొణగకుండా, ఇసుక చిమ్మకుండా, దిబ్బ పైకెక్కి నిలబడింది.

మావాడు హెల్మెట్ తీసి నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

“చూశావా అన్నయ్యా, కిట్టు ఎలా లాగుతోందో!”

మామగారు ఏమీ అనలేదు. సీటు బెల్టు తీయడం ఎలాగో అడిగారు.